భూమయ్య వెనక్కి వేయని మూడడుగులు

భూమయ్య చెవులు ఎప్పుడు పోయాయో భివండిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పోయిన సంగతి ఏ రోజున బయటపడిందో మాత్రం పద్మానగర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరి వల్ల బయటపడిందన్నది చాలా ఏళ్లు ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. తొమ్మిదేళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఆయన ఇంట్లోనే చాయ్ తాగాను. సిగ్గులేనివాడికి నవ్వే సింగారం అంటారు. తాగిన ప్రతిసారీ నవ్వాను కూడా.

మేమంతా కరీంనగర్ జిల్లా నుంచి మహారాష్ట్రకు, సాంచాల మీద బతకడానికి వచ్చినవాళ్లం. పవర్‌లూమ్‌ను మేము సాంచా అంటాం. శ్రీరాములు సేట్ కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలు, వాటన్నిటికీ భూమయ్య జాబర్. సాంచా మొరాయిస్తే విప్పి, బిగించి, మళ్లీ నడిపించే మనిషిని జాబర్ అంటారు. ఊరికి డాక్టర్ ఎట్లాగో కార్ఖానాకు జాబర్ అట్లా. కాకపోతే జాబర్ పిలిస్తే వస్తాడు.

సాంచా చెడిందంటే భూమయ్య దాని పక్కన నిలబడి, ఇనుప చట్రం మీద కుడి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. అర నిమిషం అట్లా ఉండి, కళ్లు తెరిచి, ఏ నట్టు వదులైందో సరిగ్గా దాని మీదే పానా పెట్టేవాడు. "మా భూమయ్యది పాము చెవి. ఇన్ని సాంచాల మోతల ఒక్క సాంచా దగ్గితే పట్టుకుంటడు" అని సేటు కార్ఖానాకు వచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకునేవాడు.

నేనూ అదే నమ్మాను. ఇరవై ఏళ్లవాణ్ణి, జాబర్ పని నేర్పమని ఆయన వెంటపడ్డాను. ఆయన మాటలతో నేర్పేవాడు కాదు. నా చెయ్యి పట్టి చట్రం మీద పెట్టి "సూడు" అనేవాడు. "ఇను" అని ఒక్కనాడూ అనలేదు. ఆ తేడా నా మట్టిబుర్రకు అప్పుడు తట్టలేదు.

ఒక రోజు ఇద్దరం ధామన్‌కర్ నాకా కూడలి దగ్గర రోడ్డు మీద నడుస్తున్నాం. వెనక నుంచి నూలు లారీ హారన్ మోగించుకుంటూ వచ్చింది. దేనికీ జరగని ఆటోవాళ్లు కూడా పక్కకు జరిగారు. భూమయ్య మాత్రం తన నడక తాను నడుస్తున్నాడు. చొక్కా పట్టి గుంజాను. లారీ ఆయన భుజాన్ని రాసుకుంటూ పోయింది.

"ఏంది కాకా, గంత హారన్ కొడ్తుంటే ఇనవడ్తలేదా?" అని అరిచాను.

ఆయన నా ముఖంలోకే చూస్తూ, నా మాట అయ్యేదాకా ఆగి, "లేదు కొడుకా. రెండు చెవులు బందయ్యి ఆరేండ్లాయె. నీ మూతి సూసుకుంట మాట్లాడుతున్న" అన్నాడు.

నిజానికి సాంచాల కార్ఖానాలో చెవుడు దాచడమంత తేలికైన పని ఇంకోటి లేదు. ఆ మోతలో అక్కడ అందరూ చెవిటివాళ్లే. పోగు తెగిందంటే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తాం. చాయ్ వచ్చిందంటే బొటనవేలు నోటి దగ్గర పెడతాం. మిగతాదంతా గొంతు లేకుండా, పెదవులు పెద్దగా ఆడించి చెప్పుకుంటాం. మూతి చదవడం మాలో ప్రతివాడికీ కొద్దో గొప్పో వచ్చు. భూమయ్యకు పూర్తిగా వచ్చు, అంతే. సాంచా రోగం ఆయన చెవితో పట్టేవాడు కాదు, అరచేత్తో పట్టేవాడు. చట్రం వణుకులో తేడా ఆయన చేతికి తెలిసేది.

"జాబర్‌కు చెవుల్లేవంటే సేటు ఒక్క దినం ఉంచుకోడు" అన్నాడు, చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నాక. "ఈ వయసుల నాకు ఇంకో పని రాదు. ఎవ్వలకు చెప్పకు కొడుకా. నాతోని ఏం మాట్లాడినా మొఖం నా దిక్కు పెట్టి మాట్లాడు. గంతే. గంతకన్న నాకేం వద్దు."

మరునాడు పనిలోకి దిగేముందు ఏడో నంబరు సాంచా మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అన్నం పెట్టే సాంచా మీద వేసిన ఒట్టు కంటే పెద్దది మా నేతగాళ్ల కులంలో లేదు. ఏడేళ్లు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు హక్కు లేదు, అయినా చెప్తున్నాను.

తొంభై ఏడులో మా మూలపురుషుడు మార్కండేయుడి జయంతికి ఎప్పుడూ ఉండే భజన కాకుండా నాటకం వేయాలని కుల సంఘం పెద్దలకు బుద్ధి పుట్టింది. తెలుగు బడిలో చెప్పే రాజమౌళి సార్ తగుదునమ్మా అని ముందుకొచ్చాడు. ఇంగ్లీషు వాళ్ల రాజుల చరిత్ర మీద వాళ్ల మహాకవి ఒకాయన రాసిన నాటకాన్ని సార్ తెలుగులోకి దించి పెట్టుకున్నాడు. ఆ కవి పేరు సార్ పదిసార్లు చెప్పాడు, మా నోళ్లలో పదకొండు రకాలుగా తిరిగింది. కథ మాత్రం అందరికీ ఇట్టే ఎక్కింది. ఒక యువరాజు ఉంటాడు. కోట వదిలి కల్లు దుకాణాల వెంట తిరుగుతుంటాడు. అతనికొక ముసలి తాగుబోతు దోస్తు, కన్న తండ్రి కంటే ఎక్కువ. రాజు చనిపోయి యువరాజు నెత్తి మీదికి కిరీటం వస్తుంది. ముసలాయన సంబరంతో పూలదండ పట్టుకుని ఊరేగింపుకు ఎదురొస్తాడు. కొత్త రాజు ఆగి, నలుగురి ముందూ అతన్ని కాదంటాడు. అక్కడికి నాటకం అయిపోతుంది.

"గిదేం ముగింపు సార్, ముసలోని ఉసురు తాకదా?" అన్నాడు అంకుశం. అతను మా కార్ఖానాలో నేతగాడు, సేటుకు బామ్మర్ది వరస. అతనిది సేనాపతి వేషం. ముగింపులో బల్లెం పట్టుకుని నా ముందు ఒక పక్కగా నిలబడాలి.

"తాకుతది. తాకినా రాజు రాజే" అన్నాడు సార్.

యువరాజు వేషం నాకు వచ్చింది. ముసలాయన వేషం భూమయ్య అడిగి మరీ తీసుకున్నాడు. చిన్నప్పుడు ఊళ్లో భాగవతాలాడిన మనిషి, గొంతు ఖంగుమనేది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. "ఎట్ల కాకా?" అని అడిగితే, "నువ్వు ఎదురుంగ ఉన్నవ్ గదా" అన్నాడు. నాటకమంతా నా మూతి చూసే నేర్చుకున్నాడు. ఎదుటివాడి మాట ఎప్పుడు అయిపోయిందో వాడి పెదవులు ఆగినప్పుడు తెలుసుకుని తన మాట అందుకునేవాడు. రాజమౌళి సార్ మురిసిపోయి, "సూడుండ్రి, భూమయ్య ఎదుటోని మొఖం మీదికెళ్లి సూపు తీయడు. నటనంటే గది" అని మాకు పాఠం చెప్పేవాడు.

ఆఖరి సీనులో నాకున్నది రెండు వాక్యాలే. ఆగి, ఆయన వైపు తిరిగి, "రాజుకు పాత స్నేహాలుండవు. దారి విడువు" అనాలి. ఆ మాట విన్నాక భూమయ్య దండ కింద పెట్టి, తలపాగా తీసి దాని పక్కన పెట్టి, మూడడుగులు వెనక్కి వేయాలి. ఇక మాటల్లేవు. "నాటకమంత ఈ మూడడుగులే" అనేవాడు సార్. భూమయ్య మొదటి అడుగు నమ్మలేక వేసేవాడు. రెండోది నమ్మి వేసేవాడు. మూడోది మాత్రం నా కోసం, నాకు దారి ఇవ్వడానికి వేసేవాడు. మూడు నెలలు, కార్ఖానాలకు మాత్రం వారానికోసారి ఇచ్చే ప్రతి కరెంటు సెలవుకూ రిహార్సల్ చేశాం. ప్రతిసారీ నేను ఆయన వైపు పూర్తిగా తిరిగే ఆ మాట అన్నాను.

నాటకాన్ని వీడియో తీయడానికి పంకజ్‌ను పిలిచారు. ధామన్‌కర్ నాకాలో పెళ్లిళ్ల వీడియోలు తీసే మరాఠీ అబ్బాయి. ఒకటే కెమెరా, కళ్లు పోయేంత లైటు. అప్పుడే నాకు సోలాపూర్ సంబంధం చూస్తున్నారు. నాటకం క్యాసెట్ పిల్ల వాళ్లింటికి పంపాలని మా అమ్మ అప్పటికే నిర్ణయించేసింది. ఇంటర్వెల్‌లో పంకజ్ నా కిరీటం సర్దుతూ, "జీవన్ భావూ, ఆఖరి సీనులో నువ్వు ముసలోని వైపు తిరిగితే నాకు నీ వీపే దొరుకుతుంది. కెమెరాకు ముఖం ఇవ్వు. హీరో తూ హై నా!" అన్నాడు.

నాటకం సాయంత్రం నాలుగింటికి మొదలై ఆరున్నరకు ఆఖరి సీనుకొచ్చింది. హాలు కిక్కిరిసి ఉంది. నేను ఊరేగింపుతో వచ్చాను. భూమయ్య దండ పట్టుకుని "యువరాజా! నేనయ్యా!" అంటూ ఎదురొచ్చాడు. నేను ఆగాను. ఆయన కళ్లు నా ముఖం కోసం చూస్తున్నాయి. నేను లైటు వైపు తిరిగి, కెమెరాలోకి చూస్తూ, ఛాతీ పొంగించి నా రెండు వాక్యాలూ చెప్పాను.

మర్చిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. తెలిసే తిరిగాను. నాటకమంతా ఆయనకు వచ్చినదే కదా, ఊహించుకుంటాడులే అనుకున్నాను.

ఆయనకు నా కిరీటం వెనక భాగం తప్ప ఏమీ కనబడలేదు. నేనింకా మాట్లాడలేదనుకున్నాడు. ఇంకొంచెం దగ్గరికొచ్చి మళ్లీ "యువరాజా! నేనయ్యా!" అన్నాడు. హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మూడోసారి అన్నాడు, నాలుగోసారి నా శాలువా కొంగు పట్టి లాగాడు. హాలంతా పగలబడి నవ్వింది. తెర వెనక క్లారినెట్టు, డోలు మొదలయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు మా కార్ఖానా అలవాటులో, గొంతు లేకుండా, పెదవులు పెద్దగా ఆడించి అన్నాను: "సెవిటోడా, ఎనక్కి జరుగు. నాటకం కరాబ్ జేస్తున్నవ్."

ఎవరూ వినలేదు. నా వెనకున్న భూమయ్య చూడలేదు. నా ముందు బల్లెం పట్టుకుని నిలబడ్డ అంకుశం చూశాడు. అతనూ సాంచాల మనిషే కదా, నా మూతి చదివి, భూమయ్యకు చెవుల్లేవని సేటు చెవిన వేశాడు.

మూడో రోజు కార్ఖానాలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. భూమయ్య వంగి ఏడో నంబరు సాంచా తుడుస్తున్నాడు. శ్రీరాములు సేట్ చడీచప్పుడు లేకుండా ఆయన వెనకకు వచ్చి, ఒక ఇనుప పళ్లెం ఎత్తి గచ్చు మీద వేశాడు. కార్ఖానాలో ఉన్న ముప్పైమందిమీ ఎగిరిపడ్డాం. భూమయ్య తుడుస్తూనే ఉన్నాడు. సేటు ఇంకోసారి వేశాడు. భూమయ్య గుడ్డ పిండుకున్నాడు. అప్పుడు అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి తల ఎత్తాడు.

సేటు నా వైపు తిరిగాడు. "నువ్వు ఈయన చేతుల పెరిగినోనివి. నీకు ఎర్కేనా?"

భూమయ్య నా మూతి వైపు చూస్తున్నాడు.

"నాకెర్కలేదు సేట్" అన్నాను.

సేటును తిట్టడానికి లేదు. "సెవులు లేనోని చెయ్యి సాంచా లోపట ఉండంగ ఎవడన్న బటన్ ఏస్తె చెయ్యే పోతది. ఆ పాపం నాకద్దు" అన్నాడు. ఆ మాట నిజమే. భూమయ్యను ఆ రోజే పనిలోంచి తీసేసి, పానాల సంచీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. వద్దని ఒక్కమాట అంటే ఏం పోయేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ సాయంత్రం ఆయన ఒంటిగది ఖోలీకి వెళ్లాను. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "మంచిగ చెప్పినవ్ కొడుకా. ఎర్కేనంటే నీ నౌకరి గూడ పోతుండె" అన్నాడు. "నీ నాటకం చెడగొడ్తి. నువ్వు మాటిచ్చినోనివి, నా దిక్కే తిరిగి ఉంటవ్. ఆ లైటు నా కండ్లల్ల వడ్డట్టున్నది, నీ మూతి నాకు దొర్కలే. నాదే తప్పు" అన్నాడు.

"పోనీ తియ్యి కాకా" అన్నాను. ఉదారంగా క్షమించినట్టు అన్నాను. అంకుశం చేసింది చాడీ అనుకుంటే, నేను చేసినదానికి పేరే లేదు.

ఆ తర్వాత భూమయ్య పక్కనున్న పూర్ణా ఊళ్లో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా పోయాడు. గేటు బయట లారీ గంటసేపు హారన్ కొట్టినా తలుపు తీయలేదని వారానికే పంపించేశారు. ఇంట్లో కూర్చుని భార్య కనకవ్వతో కలిసి నూలు కండెలు చుట్టాడు. గల్లీ పిల్లలకు ఆయనొక ఆట. వెనక నడుస్తూ "యువరాజా! నేనయ్యా!" అని అరిచి, ఆయన తిరక్కపోతే నవ్వేవాళ్లు. ఆయనకు వినబడేది కాదు. పక్కన నడుస్తున్న నాకు వినబడేది. చెవిటి వాడి ముందు శంఖం ఊదినట్టని పెద్దలు తేలిగ్గా అనేశారు. ఆ శంఖమంతా పక్కనున్నవాడి చెవుల్లో పడుతుందని చెప్పలేదు.

నాకు లొంగని సాంచా ఉంటే ఆయన దగ్గరికే పోయేవాణ్ణి. అది ఎట్లా వణుకుతోందో చేత్తో బల్ల మీద కొట్టి చూపిస్తే, అరచెయ్యి ఆనించి రోగం చెప్పేవాడు. తొమ్మిదేళ్లు శ్రీరాములు సేట్ కార్ఖానాకు అసలు జాబర్ ఆయనే. పేరు నాది.

క్యాసెట్ ఒక్కటే తీయించారు. అది ముందు సోలాపూర్ వెళ్లింది. పిల్ల పేరు నవ్య, వాళ్లది కిరాణా దుకాణం, మూతి చదవడం వాళ్లకు రాదు. చివర్లో నా క్లోజప్ చూసే ఒప్పుకున్నానని మా ఆవిడ నవ్య ఇప్పటికీ వెక్కిరిస్తుంది. పెళ్లయ్యాక క్యాసెట్ ఆమెతోపాటే మా ఇంటికొచ్చింది. సంఘం వాళ్లు అడిగితే బూజు పట్టిందని చెప్పి పెట్టె అడుగున దాచాను. భూమయ్య మొదట సిగ్గుతో అడగలేదు. తర్వాత కళ్లకు శుక్లాలు కమ్మి, అడిగే అవసరమే లేకుండా పోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆయన కళ్లు మసకబారుతుంటే నాకు లోపల ఒకరకమైన నిమ్మళం ఉండేది.

రెండువేల ఆరులో థానే నగరంలో ఉచిత కంటి శిబిరం పెట్టి ఆయన కళ్లకు ఆపరేషన్ చేశారు. కట్లు విప్పిన వారానికి ఆయన మనవరాలు సాక్షి మా ఇంటికొచ్చింది. పదకొండో తరగతి, మరాఠీ చదువు.

"జీవన్ మామా, తాత ఆపరేషన్ ఏక్‌దమ్ మస్త్ ఝాలా. ఇప్పుడు నా నాటకం నేను సూస్త అంటుండు. క్యాసెట్ మీ దగ్గరే హై నా?"

"బూజు పట్టింది" అన్నాను, ఆమె మాట పూర్తికాకముందే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"పంకజ్ అంకుల్‌ని అడిగిన. సాఫ్ చేసి సీడీ చేస్తడంట" అంది.

తప్పించుకునే దారి లేక క్యాసెట్ పట్టుకుని పంకజ్ దగ్గరికి పోయాను. అందులో బూజూ లేదు, ఏమీ లేదు. "సీడీలో ఆఖరి రెండు నిమిషాలు తీసెయ్" అన్నాను. పంకజ్ విచిత్రంగా చూశాడు. "భావూ, నీ ముఖం బాగా పడ్డదే అక్కడ" అన్నాడు. అయినా తీసేశాడు.

కార్ఖానాల కరెంటు సెలవు రోజు మధ్యాహ్నం భూమయ్య ఖోలీలో సీడీ పెట్టాం. ఆయనా, కనకవ్వా, సాక్షీ, నేనూ. ఆయన కొత్త కళ్లతో టీవీకి రెండడుగుల దూరంలో కూర్చుని, అందరి మాటలూ పెదవులతో తానూ అంటూ చూశాడు. తన వేషం వచ్చినప్పుడు పకపకా నవ్వాడు. కిరీటం పెట్టుకుని నేను ఊరేగింపుతో రావడం, ఆయన దండ పట్టుకుని ఎదురు రావడం కనబడింది. వెంటనే తెర నీలంగా మారింది.

ఆయన కాసేపు ఆ నీలం వైపే చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆఖరుదేది కొడుకా?"

"బూజు తిన్నది కాకా" అన్నాను, ముఖం ఆయన వైపే పెట్టి. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ఒట్టు గుర్తుకొచ్చింది నాకు.

"అయ్యో. గదే సూద్దామనుకున్న" అన్నాడు. "తొమ్మిదేండ్లాయె, ఎక్కడ తప్పిన్నో నాకు సమజైతలేదు. కలల గూడ ఆ మూడడుగులు ఏస్తున్న. నేనేడ నిలవడ్డనో, నీ మూతి ఏడున్నదో ఒక్కపారి సూస్తె నా తప్పు నాకు తెలుస్తుండె."

"పోయినోటి ముచ్చట ఇప్పుడెందుకు?" అని కనకవ్వ ఆయన భుజం తట్టింది.

నేను ఆ ఖోలీలో ఇంకొక్క నిమిషం కూర్చోలేకపోయాను. లేచి ధామన్‌కర్ నాకాకు పోయి, క్యాసెట్‌తోపాటు పంకజ్ దగ్గరున్న పాత వీసీఆర్ కూడా ఆటోలో వేసుకుని అరగంటలో తిరిగొచ్చాను. దారిలో రెండుసార్లు ఆటో వెనక్కి తిప్పమందామనుకున్నాను. "దొరికింది" అని మాత్రమే చెప్పి, సాక్షి చేత వైర్లు పెట్టించి, ఈసారి టీవీ కనబడని మూల కూర్చున్నాను. నాకు ఆయన ముఖం కనబడితే చాలు.

ఊరేగింపు వచ్చింది. భూమయ్య ముందుకు వంగాడు. తెర మీద నేను కెమెరా వైపు తిరిగి ఉంటాను. నా రెండు వాక్యాలూ ఆయన పెదవుల మీద కదిలాయి. "రాజుకు పాత స్నేహాలుండవు. దారి విడువు." ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత నవ్వుల మోత వచ్చింది, క్లారినెట్టు వచ్చింది. సాక్షి కూడా నవ్వబోయి తాత ముఖం చూసి ఆగిపోయింది. ఆయన పెదవులు ఇంకోసారి కదిలాయి. ఆ మాటలు ఏమిటో ఆ గదిలో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. సెవిటోడా. ఎనక్కి జరుగు.

"మల్ల పెట్టు" అన్నాడు సాక్షితో.

రెండోసారి చూశాడు. చూపు తెర మీద ఒక పక్కకు జరగడంతోనే తెలిసింది, నన్ను కాదు, నా ముందు బల్లెం పట్టుకుని నా మూతి వైపే చూస్తున్న అంకుశాన్ని చూస్తున్నాడని. "ఇంకోపారి" అన్నాడు.

మూడోసారి టీవీ ముందు లేచి నిలబడ్డాడు. తెర మీద నేను ఆ రెండు వాక్యాలూ అన్నాను. ఆయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, వంగి నేల మీద పెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగుకు చోటు లేదు, మంచం పట్టె కాలికి తగిలింది. ఆ చిన్న ఖోలీలో రెండడుగులకే ఆయన నాటకం ముగిసింది. కనకవ్వ ఏమైందో తెలియక లేచి పట్టుకుంది.

"ఏం లేదే. ఇప్పుడు ఇనవడ్డది" అన్నాడు ఆమెతో.

మంచం మీద కూర్చుని నా వైపు చూశాడు. కోపం కనబడలేదు. సాంచా మీద చెయ్యి ఆనించి రోగం పట్టినప్పుడు ఉండే ముఖమే.

"నీ మొఖం మంచిగ వడ్డది కొడుకా" అన్నాడు.

నేను లేచి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ముఖం ఆయన వైపు పెట్టి, "కాకా, నాదే తప్పు. అంకుశం నా మూతి సూసే..." అని మొదలుపెట్టాను. ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేను చివరిదాకా చెప్పాను. కనకవ్వ విన్నది, సాక్షి విన్నది. వినాల్సిన మనిషి కిటికీలోంచి ఎండిన చీరలను చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. నాతో మాట్లాడటం మానలేదు, అది చెప్పాలి. సాంచాల గురించి అడిగేవాడు, నా పిల్లల చదువులు అడిగేవాడు, చాయ్ తాగకుండా పోనిచ్చేవాడు కాదు. ఎప్పుడైనా సందు చూసి నేను ఆ మాట ఎత్తబోతే మాత్రం ముందే కనిపెట్టేసేవాడు. తప్పు అనాలంటే పెదవులు రెండూ ఒకసారి మూతపడాలి. అవి మూతపడి తెరుచుకునేలోగా ఆయన ముఖం తిప్పుకునేవాడు.